ఇంగ్లండ్ ఊళ్ల పేర్లు: రాసేదొకటి, పలికేదొకటి ఎందుకయింది?

మీరు అడిగింది ఒకటే ప్రశ్నలా ఉన్నా అందులో మూడున్నాయి. నారిచ్ దగ్గర అద్దె ఇల్లు వెతుక్కుంటూ ‘వైమండ్‌హామ్’ అని చదివితే ఏజెంటు నవ్వి ‘విండమ్’ అన్నాడు, ఇలా ఎందుకు అన్నది మొదటిది. అదే ఊరి పేరు పాత కాగితాల్లో నాలుగైదు రకాలుగా కనిపిస్తోంది, వాటిలో అసలైన స్పెల్లింగ్ ఏది అన్నది రెండోది. ఈ పేర్లకు అర్థాలేమిటి, మనంతట మనం తెలుసుకోవడం ఎలా అన్నది మూడోది. నేను చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఒక స్థానిక చరిత్ర సంఘంలో పాత దస్తావేజులు చదివి పేర్లు ఎత్తి రాసే పని చేస్తుంటాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి. ఉదాహరణలు వీలైనంతవరకు నారిచ్ ఉన్న మీ నార్‌ఫోక్ కౌంటీవే ఇస్తాను, సెలవు రోజున బస్సెక్కి చూసి రావచ్చు.

ముందు రెండో ప్రశ్న తేల్చేద్దాం. అసలైన స్పెల్లింగ్ అంటూ ఏదీ లేదు. ఊరి పేరు ఊరివాళ్ల నోట్లో పుట్టి వందల ఏళ్లు నోటి మీదే బతికింది. కాగితం మీద పెట్టింది మాత్రం దాదాపు ఎప్పుడూ బయటివాళ్లే: మఠంలో సన్యాసి, రాజుగారి గుమస్తా, సర్వేకి వచ్చిన ఉద్యోగి. చెవికి ఎలా వినపడితే అలా, తమకు అలవాటైన అక్షరాల్లో రాసుకుపోయారు. ఒకే గుమస్తా ఒకే పేజీలో ఒక ఊరిని రెండు రకాలుగా రాయడం నేను చాలాసార్లు చూశాను. అప్పట్లో అదేమీ తప్పు కాదు. కాబట్టి ‘ఏది కరెక్ట్’ అని వెతక్కండి. ‘ఎవరు, ఎప్పుడు, ఏ భాష అలవాటుతో రాశారు’ అని చూడండి. ఈ పనిలో నిలబడే పద్ధతి ఇదొక్కటే. ఇప్పటి స్పెల్లింగ్ చూసి అర్థం చెప్పబోతే బోల్తా పడతాం.

ఎలా బోల్తా పడతామో లండన్‌లోనే చూడొచ్చు. బాటర్‌సీ, చెల్సీ, పట్నీ మూడూ థేమ్స్ ఒడ్డునే ఉన్నాయి, మూడింటి చివరా ‘ఈ’ శబ్దమే. పాత ఇంగ్లిష్‌లో లంకను ‘ఏగ్’ అనేవారు, అది అరిగి ‘ఈ’ అయిందని తెలిసినవాళ్లు మూడింటినీ లంకలనే అనుకుంటారు. బాటర్‌సీ నిజంగానే బాడురిక్ అనే మనిషి లంక. చెల్సీ, పట్నీ మాత్రం లంకలు కావు, రేవులు. ‘హీథ్’ అంటే పడవలు ఆగే రేవు. చెల్సీ సుద్దరాయి దిగే రేవు, పట్నీ పుట్టా అనే మనిషి రేవు. ఆ చివరి ‘హీథ్’ పలుకుబడిలో పలచబడి ఒక్క అచ్చు మిగిలింది. అదే నది ఒడ్డున ఉన్న లాంబెత్‌లో మాత్రం ఆ ‘థ్’ పడిపోకుండా నిలిచింది: గొర్రెపిల్లల్ని దింపే రేవు. పాత కాగితాల్లోని రూపాలు దొరక్కపోతే ఈ తేడా ఎవరికీ తెలిసేది కాదు.

ఇక పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి అంటారా, ఇంగ్లండ్‌కు ఎంతమంది వచ్చి స్థిరపడ్డారో అన్ని పొరలున్నాయి. నారిచ్ చుట్టూ చిన్న వలయం గీస్తే అన్నీ అందులోనే పడతాయి. ఊరి పక్కన పారే యేర్ నది పేరు ఇంగ్లిష్ భాష ఈ దీవికి రాకముందుది, కెల్టిక్ జనాలది. నదుల పేర్లకు ఆయుష్షు ఎక్కువ, కొత్తగా వచ్చినవాళ్లు ‘ఈ ఏరు పేరేంటి’ అని పాతవాళ్లనే అడుగుతారు కదా. ఆ నది సముద్రంలో కలిసే చోటు యార్మత్, అంటే యేర్ ముఖద్వారం. నారిచ్‌కు దక్షిణంగా కొద్ది మైళ్లలో కైస్టర్ సెయింట్ ఎడ్మండ్ అనే ఊరుంది. అక్కడి పొలాల మధ్య ఇప్పటికీ గోడలు నిలబడి ఉన్న రోమన్ పట్టణం వెంటా ఇసెనోరమ్. రోమన్ల అసలు పేరు పోయింది. తర్వాత వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు లాటిన్ ‘కాస్ట్రా’ నుంచి తెచ్చుకున్న మాటతో ‘పాత కోట’ అన్నట్టు పిలిచి వదిలేశారు. మాంచెస్టర్, లెస్టర్, లాంకాస్టర్‌ల చివర ఉన్నదీ అదే మాట. నారిచ్ సంగతి తేలిక: ఉత్తరపు ‘విక్’, అంటే ఉత్తరపు వర్తక స్థలం. పదో శతాబ్దంలో ఎథెల్‌స్టాన్ రాజు నాణేల మీదే ఈ పేరు ముద్రించి ఉంది.

ఇంగ్లిష్ పొర అన్నింటికన్నా మందం. ‘హామ్’ అంటే నివాసం, ‘టూన్’ అంటే దడి కట్టుకున్న కమతం, అదే ఇప్పటి ‘టన్’. ‘లేయ’ అంటే అడవి లేదా అడవిలో చదును చేసిన చోటు, అదే ఇప్పటి ‘లీ’. విగ్‌మండ్ అనే మనిషి నివాసం మీరు చూసిన వైమండ్‌హామ్. ‘ఇంగ్’ వస్తే చాలావాటిలో ‘ఫలానావాడి మనుషులు’ అని అర్థం. ఒకప్పుడు ఈ ‘ఇంగ్’ పేర్లే తొలి వలసల నాటివని పుస్తకాలన్నీ రాసేవి. 1960ల్లో ఆ కాలపు శ్మశానాలు ఉన్న చోట్లతో ఈ ఊళ్లను పోల్చి చూస్తే రెండూ కలవలేదు, దాంతో ఆ వాదం వెనక్కిపోయింది. ఇప్పటికీ ఊళ్ల పంచాయతీ వెబ్‌సైట్లలో పాత వాదమే తిరుగుతోంది, చూసి నమ్మేయకండి.

మీకు దగ్గర్లో తప్పకుండా చూడాల్సింది ఫ్లెగ్ ప్రాంతం. యార్మత్‌కు ఉత్తరంగా, ఒకప్పుడు చుట్టూ నీళ్లతో దాదాపు దీవిలా ఉన్న నేల. మ్యాప్ తీసి వేలు పెట్టి చూడండి: హెమ్స్‌బీ, ఆర్మ్స్‌బీ, రోల్స్‌బీ, ఫిల్బీ, స్క్రాట్బీ, మాట్బీ, థ్రిగ్బీ, క్లిప్స్‌బీ, బిలక్బీ, ఓబీ. పక్కపక్కనే పదికి పైగా ‘బీ’లు. నార్‌ఫోక్‌లో మిగతా చోట్ల ఈ ‘బీ’ చాలా తక్కువ. ఇది డేన్‌ల మాట, అంటే డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగ్‌లది, ఊరు అని అర్థం. అప్పట్లో ఈ ప్రాంతం ఈస్ట్ ఆంగ్లియా అనే రాజ్యం. 869లో డేన్‌లు దాని రాజు ఎడ్మండ్‌ను చంపారు. మరో పదేళ్లకు వాళ్ల నాయకుడు గుత్రమ్ సైన్యం ఇక్కడి భూములు పంచుకుని స్థిరపడింది. ఆర్మ్స్‌బీ ఓర్మ్ ఊరు, ఓర్మ్ అంటే వాళ్ల భాషలో పాము. రోల్స్‌బీ హ్రోల్ఫ్ ఊరు. సారవంతమైన నేల, పడవల్లో నేరుగా రాగలిగే చోటు, గుంపుగా దిగి ఉంటారని ఊహించడం కష్టం కాదు. మొత్తం సైన్యం ఇక్కడే కాపురం పెట్టిందని మాత్రం చెప్పలేం. పేర్లు భాష సంగతి చెబుతాయి, తలకాయలు లెక్కపెట్టవు.

డేన్‌లు పక్కనుంటే ఇంగ్లిష్ పేర్లకూ వాళ్ల యాస అంటుకునేది. జున్ను తయారయ్యే పాలెం దక్షిణాన చిజిక్ అయితే, ఉత్తరాన ‘చ’ పలకని నోళ్లలో కెజిక్ అయింది. గొర్రెల పాలెం కొన్నిచోట్ల షిప్టన్, యార్క్‌షైర్‌లో స్కిప్టన్. పుట్టుక ఒకటే, పెరిగిన ఇల్లు వేరు.

స్పెల్లింగ్‌లను అసలు గందరగోళం చేసింది నార్మన్ గుమస్తాలు, అంటే 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచినవాళ్ల రాతగాళ్లు. 1085 క్రిస్మస్‌కు గ్లాస్టర్‌లో కొలువుదీరిన విలియం రాజు దేశమంతా ఆస్తుల లెక్క తీయమన్నాడు. 1086లో అది జరిగింది, అదే డూమ్స్‌డే పుస్తకం. ఒక్కో ఊరి తరఫున పూజారి, మునసబు లాంటి రీవ్, ఆరుగురు రైతులు ప్రమాణం చేసి చెప్పాలి. ఊరివాళ్లు చెప్పేది ఇంగ్లిష్‌లో, అధికారులు మాట్లాడుకునేది ఫ్రెంచిలో, రాసేది లాటిన్‌లో. ఇక పేరు ఏమవుతుందో ఆలోచించండి. ఇంగ్లిష్ వాళ్లకు ‘థ’ శబ్దానికి ప్రత్యేక అక్షరాలుండేవి. నార్మన్‌లకు ఆ శబ్దమూ సరిగా రాదు, అక్షరమూ అలవాటు లేదు, ‘ట’ అనో ‘డ’ అనో రాసేశారు. మాట మొదట్లో ‘స్న’ వాళ్లకు నోరు తిరగదు. నాటింగ్‌హామ్ ఒకప్పుడు స్నాటింగహామ్, స్నాట్ అనే మనిషి వర్గంవాళ్ల ఊరు. డూమ్స్‌డేలో కూడా ‘స’తోనే ఉంది, తర్వాత ఫ్రెంచి నోళ్లలో పడి రాలిపోయింది. అదే స్నాట్ పేరున్న స్నెంటన్ అనే ఊరు పక్కనే ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు లేక దాని ‘స’ దానికే మిగిలింది. చీమిడి అనే అర్థం వచ్చే మాట నగరం పేరులోంచి ఎగిరిపోయినందుకు నాటింగ్‌హామ్ వాళ్లు నార్మన్‌లకు రుణపడి ఉండాలి.

‘ల’, ‘న’, ‘ర’లు ఒకదానికొకటి మారిపోవడం ఇంకో జబ్బు. పట్నీని డూమ్స్‌డేలో ‘పుటెలై’ అని రాశారు. డన్‌హోమ్ అనే ఊరు ఇలాగే డరమ్ అయింది. సేరోబిరిగ్ కాస్తా సారిస్‌బెరీ అయి, చివరికి సాల్స్‌బరీ అయింది. దానికో ఉపకథ కూడా ఉంది. గుమస్తాలు ‘సార్’ అని రాసి పక్కన ఒక గీత గీసి వదిలేసేవారు. మామూలుగా లాటిన్‌లో ఆ గీతను ‘ఉమ్’ అని విప్పి చదవాలి. అలా చదివినవాళ్ల పుణ్యాన ‘సేరమ్’ అనే లేని పేరు పుట్టి ఈనాటికీ వాడుకలో ఉంది. ఏలూరును ‘ఎల్లోర్’, కాకినాడను ‘కొకనాడా’ అని రాసుకున్న కంపెనీ గుమస్తాల పూర్వీకులకు ఇంగ్లండ్‌లోనే ఈ మర్యాద జరిగిందన్నమాట.

మీ నార్‌ఫోక్, సఫోక్, ఎసెక్స్ లెక్కలు మాత్రం ‘లిటిల్ డూమ్స్‌డే’ అనే వేరే సంపుటంలో ఉన్నాయి. పెద్ద సంపుటం చాలావరకు ఒకే చేతిరాత. చిన్నదాన్ని పలువురు రాశారు. కాబట్టి అందులో ఒకే ఊరు రెండు మూడు రకాలుగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని థర్లై అనే పల్లె. డూమ్స్‌డేలో దీన్ని ‘లా లేగా’ అని రాశారు. మూడు వందల ఏళ్ల తర్వాతి కాగితాల్లో ‘థిర్లే’ అని ఉంది. చూస్తే రెండింటికీ పోలికే లేదు. ఊరి అసలు పేరు ఉత్త ‘లేయ’, అడవిలో చదును. ఊరివాళ్లు మామూలుగా అనేది ‘ఎట్ థేరె లేయె’, ఆ చదును దగ్గర అని. అందులో ‘థేరె’ అంటే ‘ఆ’. నార్మన్ గుమస్తా ఇంగ్లిష్ ‘ఆ’ తీసి తన ఫ్రెంచి ‘ఆ’ పెట్టాడు, అదే ‘లా’. అతను చేసింది శబ్దం రాయడం కాదు, అనువాదం. ఊరివాళ్లు అతని పుస్తకం చదవరు కాబట్టి తమ ‘థేరె లేయె’ అలాగే అనుకుంటూ పోయారు. ముందున్న ‘ఎట్’ ఊడిపోయింది, ‘థేర్’ పేరుకే అతుక్కుపోయింది. డూమ్స్‌డే ఒక్కటే చూస్తే ఫ్రెంచి పేరనుకుంటాం, ఇప్పటి పేరు ఒక్కటే చూస్తే థర్ అనే మనిషి ఉన్నాడేమో అనుకుంటాం. రెండూ పక్కపక్కన పెడితేనే గుట్టు విడుతుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో నోక్ అంటే ఓక్ చెట్టు దగ్గర అని. ముందు మాటలోని ‘న’ చెట్టుకు అంటుకుంది. ససెక్స్‌లో రై ఒక లంక, దాని ‘ర’ కూడా అలాంటిదే. మనకు ‘ఇల్లు’ అనే మాట ‘ఇంట్లో’, ‘ఇంటికి’ అన్నప్పుడు ఆకారం మారినట్టే పాత ఇంగ్లిష్‌లోనూ విభక్తులుండేవి, ఊళ్ల పేర్లు ఎక్కువగా ‘ఫలానా చోట’ అన్న రూపంలోనే నలిగాయి. కోట అనే అర్థమున్న ‘బుర్హ్’ మామూలు రూపంలో నిలిచిన చోట ‘బర్గ్’, ‘బరో’ అయింది. ‘కోట దగ్గర’ అనే ‘బిరిగ్’ రూపంలో నిలిచిన చోట ‘బరీ’ అయింది. పీటర్‌బరో, కాంటర్‌బరీల మధ్య తేడా అంతే.

నార్మన్ ప్రభువులు ఊళ్ల పేర్లకు తమ ఇంటిపేర్లు కూడా తోకలుగా తగిలించారు. నారిచ్ పక్కనే కర్బీ బీడన్ ఉంది: చర్చి ఉన్న ఊరు అని డేన్ పేరు, వెనక బీడన్ అనే నార్మన్ కుటుంబం. ఒకే పేరున్న ఊళ్లు ఎక్కువైనప్పుడు పన్నులు రాసుకునేవాళ్లకు ఈ తోకలు అవసరమయ్యాయి. డోర్సెట్‌లో టోలర్ పోర్కోరమ్ అంటే పందుల టోలర్, పక్కనే టోలర్ ఫ్రాట్రమ్ అంటే సన్యాసి సోదరుల టోలర్. రెండిట్లో ఏ ఊరివాడినని చెప్పుకోవాలో ఆ ఊరివాళ్ల ఇష్టం.

ఇప్పుడు మీ విండమ్ దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్‌లో ఒత్తు మాట మొదట పడుతుంది. మనం ప్రతి అక్షరానికీ దాని వాటా ఇచ్చి పలుకుతాం. వాళ్లు మొదటిదాన్ని నొక్కి మిగతావి మింగేస్తారు. వెయ్యేళ్లు రోజూ మింగితే మధ్యలో ఏం మిగులుతుంది? విమండ్‌హామ్ విండమ్ అయింది. స్పెల్లింగ్ మాత్రం దస్తావేజుల్లో గడ్డకట్టింది. హాపిస్‌బర్గ్ అని రాసేది ‘హేజ్‌బరా’. ఆ చివర ఉన్న ‘జీ హెచ్’ ఒకప్పుడు గొంతులోంచి పలికే శబ్దం, శబ్దం పోయినా అక్షరాలు పోలేదు. మీకు మరీ దగ్గరది కాస్టెస్సీ, పలికేది ‘కాసీ’. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఇటుకల బట్టీలో తయారైన నగిషీ ఇటుకలకు ‘కాసీవేర్’ అని పేరు, స్పెల్లింగ్ కూడా పలికినట్టే. చివరికి కాగితం మీద పాత రూపమే గెలిచింది, లేకపోతే ఊరి స్పెల్లింగ్ కూడా పలుకు వైపే వెళ్లి ఉండేదన్నమాట.

ఇదేదో సూత్రం అనుకుని అంతటా వాడకండి. లెస్టర్‌షైర్‌లో ఇదే స్పెల్లింగ్‌తో ఇంకో వైమండ్‌హామ్ ఉంది, దాన్ని రాసినట్టే పలుకుతారు. అక్కడికి వెళ్లి తెలిసినవాడిలా విండమ్ అంటే మళ్లీ నవ్వులపాలే.

పైగా వ్యతిరేక దిశలోనూ జరుగుతుంది, స్పెల్లింగ్ వచ్చి పలుకుబడిని లాక్కెళ్లిపోతుంది. గ్రాంతమ్ నిజానికి ‘గ్రాంట్’, ‘హామ్’ రెండు ముక్కలు. ‘టీ’, ‘హెచ్’ పక్కపక్కన పడేసరికి బడిలో చదువుకున్నవాళ్లు ‘థ’ అనడం మొదలుపెట్టారు. సైరెన్‌సెస్టర్‌ను పాతవాళ్లు ‘సిసిటర్’ అనేవారు, ఇప్పుడు అక్షరం అక్షరం పలుకుతున్నారు. యార్క్‌షైర్‌లో పాంటిఫ్రాక్ట్ లాటిన్‌లో విరిగిన వంతెన. జనం నోట్లో పామ్‌ఫ్రెట్. ఊరి పేరుగా లాటిన్ రూపం నిలబడింది, అక్కడి అతిమధురం బిళ్లలను మాత్రం పామ్‌ఫ్రెట్ కేకులని కూడా అంటారు. నార్‌ఫోక్‌లో కోల్టిషల్ దగ్గర ఉన్న హాట్‌బాయిస్ ఇంకా తమాషా. ఫ్రెంచిలో ‘ఎత్తైన అడవి’ అన్నట్టు రాస్తారు, పలికేది ‘హోబిస్’. పాత రూపాలు చూస్తే ఆ ‘హోబిస్’ శబ్దమే ముందుంది, ఫ్రెంచి వేషం ఎవరో చదువుకున్నవాళ్లు తర్వాత వేశారు. ఇలాంటిచోట కాగితం కన్నా ఊరి ముసలాయన నోరే నమ్మకం.

స్పెల్లింగ్‌లు నిలకడకు వచ్చింది నిన్నమొన్నే అనుకోండి. 1570ల్లో క్రిస్టఫర్ సాక్స్‌టన్ కౌంటీల మ్యాపులు గీశాడు. తర్వాతివాళ్లు ఆయన తప్పులతో సహా కాపీ కొట్టారు. పోస్టాఫీసులు, రైల్వే స్టేషన్ బోర్డులు వచ్చాక ఊరికొక్క రూపం ఉండక తప్పలేదు. కానీ చివరి మాట 1791లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వేది, అంటే ప్రభుత్వం తరఫున దేశం మ్యాపులు గీసే సంస్థది. పంతొమ్మిదో శతాబ్దంలో వాళ్ల మనుషులు ‘నేమ్ బుక్స్’ అనే పుస్తకాలు పట్టుకు తిరిగేవారు. పేరు, దొరికిన రకరకాల స్పెల్లింగ్‌లు, ఎవరు చెప్పారు, అది ఏ రకమైన చోటు, ఇలా గడులుండేవి. ఎవరి మాట చెల్లుతుంది అంటే భూస్వామి, చర్చి పాస్టర్, స్కూలు మాస్టారు లాంటివాళ్లది. పొలంలో పనిచేసే కూలీ పలుకు ఎంత పాతదైనా అది మ్యాపు ఎక్కడం కష్టమే. నాకు ఈ పద్ధతి మీద కోపమే. అయినా ఆ పుస్తకాలు ఉండి ఉంటే మనకు ఎంతో పనికొచ్చేవి. 1940లో సౌతాంప్టన్ ఆఫీసు మీద బాంబులు పడి ఇంగ్లండ్‌కు సంబంధించినవి చాలావరకు కాలిపోయాయి. నాలుగైదు కౌంటీలవి మిగిలాయి, నార్‌ఫోక్‌ది వాటిలో లేదు.

అర్థాల విషయంలో ఒక్క హెచ్చరిక. ఈరోజు ఒకేలా ఉన్న పేర్లకు ఒకే పుట్టుక ఉండాలని లేదు. దేశంలో బ్రాటన్‌లు బోలెడు. కొన్ని వాగు పక్క ఊళ్లు, కొన్ని కోట ఊళ్లు, కొన్ని దిబ్బ ఊళ్లు. నార్‌ఫోక్‌లోని గ్రేట్ స్నోరింగ్‌కు గురకతో సంబంధం లేదు, డూమ్స్‌డేలో స్నారింగెస్, స్నేర్ అనేవాడి మనుషులు. ఎసెక్స్‌లో అగ్లీ అనే ఊరు ఉగ్గా అనే ఆయన చదును చేసుకున్న చోటు, ఎంతో అందంగా ఉంటుంది. పాత రూపాలు రెండు అర్థాలకూ సరిపోతున్నప్పుడు నేల చూడాలి. ఈ దారి చూపించింది మార్గరెట్ గెల్లింగ్ అనే పరిశోధకురాలు. పాత ఇంగ్లిష్ వాళ్లు కొండకు, లోయకు నోటికొచ్చిన మాట వాడలేదు, ఒక్కో ఆకారానికి ఒక్కో మాట పెట్టుకున్నారని ఆమె ఊరూరా తిరిగి చూపించింది. పొడవుగా సాగే లోయ ‘డెను’, మూడు వైపులా గట్లతో గిన్నెలా ఉండేది ‘కుంబ్’. పైన చదునుగా ఉండి ఊరు కట్టుకోగల కొండ ‘డూన్’, మడమలా ముందుకు పొడుచుకొచ్చింది ‘హో’. ఆ ఊరికి వెళ్లి నిలబడి చూస్తే పేరు సరిపోయిందో లేదో మీకే తెలుస్తుంది.

మీరే వెతకాలంటే ముందు నాటింగ్‌హామ్ యూనివర్సిటీ ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ ఊళ్ల పేర్ల నిఘంటువు చూడండి. తర్వాత ఓపెన్ డూమ్స్‌డే సైట్‌లో 1086 నాటి అసలు పేజీ ఫోటోయే కనిపిస్తుంది. పాత సర్వే మ్యాపులకు స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్, ఇంగ్లండ్‌వి కూడా అందులో ఉన్నాయి. 1923లో మొదలైన ఇంగ్లిష్ ప్లేస్-నేమ్ సొసైటీ కౌంటీలవారీగా సంపుటాలు వేస్తోంది, నార్‌ఫోక్ ఇంకా పూర్తి కాలేదు. అందుకే డూమ్స్‌డేకి, ఇప్పటికి మధ్య ఖాళీ మీరే నింపుకోవాలి. 1195 నుంచి ‘ఫీట్ ఆఫ్ ఫైన్స్’ అనే భూమి రాజీ పత్రాలున్నాయి. ఒకే తోలు మీద మూడు ప్రతులు రాసి, వంకరటింకరగా కోసి, చెరొకటి ఇచ్చి, అడుగు ముక్క ఖజానాలో పెట్టేవారు. 1538 నుంచి చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. అవి ఊళ్లో ఉండేవాళ్లు రాసినవి, అందుకే పలుకుబడి పట్టుకోవడానికి వాటిని మించినవి లేవు.

ఎత్తి రాసుకునేటప్పుడు స్పెల్లింగ్‌ను ఒక్క అక్షరం కూడా దిద్దకండి. పక్కన సంవత్సరం రాయండి, అది అసలు పత్రమా, తర్వాత ఎవరో తీసిన నకలా అన్నది కూడా రాయండి. పదో శతాబ్దపు దానపత్రం అని ఉన్నది పదమూడో శతాబ్దపు మఠం నకలు అయితే, ఆ స్పెల్లింగ్ పదమూడో శతాబ్దానిదనే లెక్క. నార్‌ఫోక్ రికార్డ్ ఆఫీసు మీ నారిచ్‌లోనే ఉంది, వెళ్లేముందు సైట్‌లో వేళలు చూసుకోండి, గుర్తింపు కార్డు పెట్టుకోండి. పాత కాగితాలున్న గదిలోకి పెన్ను రానివ్వరు, పెన్సిల్ తీసుకెళ్లండి.